ఉమ్మడి సర్వర్‌లో కోటా: మనిషికి పెట్టాలా, ఫోల్డర్‌కు పెట్టాలా?

పాలకొల్లు_స్టూడియో:
మా ఎడిటింగ్ కంప్యూటర్లన్నీ ఒకే లినక్స్ సర్వర్‌లోని ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్ సిస్టమ్) వాల్యూమ్‌ను సాంబా (విండోస్ కంప్యూటర్లకు లినక్స్ ఫోల్డర్లను పంచే సాఫ్ట్‌వేర్) ద్వారా వాడుకుంటున్నాయి. మాఘమాసపు ముహూర్తాలు మొదలైతే నరసాపురం నుంచి రాజోలు దాకా జరిగిన పెళ్ళిళ్ల ఫుటేజీ అంతా తెల్లవారేలోగా ఇక్కడికే చేరుతుంది. రాత్రి ఎవరో ఒకరు రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారుచేసే పని) పెట్టి వెళ్ళిపోతారు. ఉదయానికి డిస్కు నిండిపోయి మిగిలినవారి ఫైళ్లు సేవ్ కావు. ఒక్కొక్క ఎడిటర్‌కు ఇంత అని యూజర్ కోటా పెట్టాలనుకుంటున్నాను. ఇటువంటి చోట కోటాలు అమలు చేసినవారు తమ అనుభవం తెలియజేయగలరు.

భీమవరం_ల్యాబ్:
మీ పనికి యూజర్ కోటా నప్పదండి. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందన్నది దానికి పట్టదు, ఓనర్ ఎవరన్నదే చూస్తుంది. కెమెరా కార్డులను సర్వర్‌లోకి ఎక్కించే కుర్రవాడు తన లాగిన్‌తో కాపీ చేస్తే, ఆ ఫుటేజీని ఎవరు వాడుకున్నా లెక్కంతా అతని పేరు మీదే పడుతుంది. ఎడిటర్ల కోటాలు ఖాళీగా ఉండగానే అతనికి చోటు అయిపోతుంది. సాంబా కాన్ఫిగ్ ఫైలులో 'ఫోర్స్ యూజర్' (ఎవరు రాసినా ఒకే యూజర్ పేరుతో రాయించే సెట్టింగ్) పెట్టి ఉంటే మరీ చిక్కు, అందరి ఫైళ్లూ ఒకే పేరు మీద జమ అవుతాయి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ప్రాజెక్ట్ కోటా వాడండి. ఒక డైరెక్టరీకీ, దాని కింద ఉన్నవాటన్నిటికీ ఒక ప్రాజెక్ట్ నంబరు కేటాయించి, ఆ నంబరుకు హద్దు పెడతాం. రాసింది ఎవరైనా లెక్క ఆ డైరెక్టరీదే. అయితే ఈ సౌకర్యాన్ని వాల్యూమ్‌ను మౌంట్ చేసేటప్పుడే (సిస్టమ్‌కు తగిలించేటప్పుడే) ఆప్షన్‌గా ఇవ్వాలి, నడుస్తున్న వాల్యూమ్‌ను రీమౌంట్ చేసినంత మాత్రాన అది మొదలుకాదు. తొలిసారి మౌంట్ అయినప్పుడు ఉన్న ఫైళ్లన్నిటినీ లెక్కపెడుతుంది కనుక పెద్ద డిస్కులో కొంత ఆలస్యం తప్పదు. ఇందుకోసం ఆషాఢం దాకా ఆగనక్కరలేదు, ముహూర్తం లేని ఒక మధ్యాహ్నం చాలు. ఈఎక్స్‌టీ4 అనే మరో లినక్స్ ఫైల్ సిస్టమ్ వాడేవారికి కూడా 2016లో వచ్చిన లినక్స్ 4.5 కెర్నెల్ నుంచి ప్రాజెక్ట్ కోటా ఉంది.

అమలాపురం_ఆఫీస్:
రొయ్యల ఎగుమతి కార్యాలయంలో సర్వర్లు చూస్తాను. హద్దు ఎక్కడ పెట్టాలన్న దానికంటే ఎలా పెట్టాలన్నదే మా దగ్గర ఎక్కువ తగాదా తెచ్చింది. కోటాకు రెండు హద్దులుంటాయి: హార్డ్ లిమిట్ అసలు దాటనివ్వదు, దానికి లోపల ఉండే సాఫ్ట్ లిమిట్ దాటినా రాయడం ఆగదు, గడువు మాత్రం మొదలవుతుంది. మార్చకపోతే ఆ గడువు 7 రోజులు. అది ముగిశాక సాఫ్ట్ లిమిటే హార్డ్ లిమిట్‌లా పనిచేస్తుంది. చిక్కు ఏమిటంటే, విండోస్ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి గడువు నడుస్తోందని ఎవరూ చెప్పరు. నిన్నటి దాకా సేవ్ అయిన ఎక్సెల్ ఫైలు ఈ రోజు ఉన్నట్టుండి సేవ్ కాదు, ఫోన్ మనకు వస్తుంది. అందుకని ప్రతి ఉదయం కోటా రిపోర్టు తీసి, సాఫ్ట్ లిమిట్ దాటినవారికి మెయిల్ పంపే చిన్న స్క్రిప్టు పెట్టాము.

సిబ్బంది దీన్ని శిక్షగా భావిస్తారు. దాళ్వాలో కాలువకు వంతులు పెట్టేది ఎగువ రైతు మీద కోపంతో కాదు కదా, శివారు చేలకూ నీరందాలని. మేము అలాగే చెప్పాము, వెంటనే అర్థమైంది. ఇంకొకటి: హార్డ్ లిమిట్లన్నీ కలిపితే డిస్కు సామర్థ్యాన్ని మించకుండా చూడండి. మించితే ఎవరి హద్దూ రాకముందే డిస్కు నిండవచ్చు.

రాజమండ్రి_స్టోరేజ్:
జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వాడేవారు గమనించాలి. అక్కడ 'కోటా' లెక్కలోకి స్నాప్‌షాట్లు (ఒక సమయంలో డేటా ఉన్న స్థితిని అలాగే నిలిపి ఉంచేవి) కూడా వస్తాయి, 'రెఫ్‌కోటా'లోకి రావు. మొదటిది మాత్రమే పెడితే, యూజర్ ఫైళ్లు తుడిచినా పాత స్నాప్‌షాట్ ఆ బ్లాకులను పట్టుకుని ఉన్నంతకాలం చోటు తిరిగిరాదు.

పాలకొల్లు_స్టూడియో:
అందరికీ ధన్యవాదాలు. కార్డుల డంప్, ఎడిటింగ్, రెండర్ అని మూడు డైరెక్టరీలు చేసి మూడింటికీ వేర్వేరు ప్రాజెక్ట్ కోటాలు ఇస్తే సరిపోతుందా?

భీమవరం_ల్యాబ్:
రెండర్‌ను విడిగా ఉంచడం మంచిదే, అది నిండితే రెండర్లే ఆగుతాయి. డంప్, ఎడిటింగ్ మాత్రం ఒకే ప్రాజెక్ట్ కింద ఉంచండి. ఒక ప్రాజెక్ట్ డైరెక్టరీ నుంచి ఇంకొకదానికి ఫైలును జరపబోతే, రెండూ ఒకే డిస్కులో ఉన్నా ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఆ జరపడాన్ని (దాని లెక్కలో అది పేరు మార్పే) తిరస్కరిస్తుంది. అప్పుడు సర్వర్‌లోని మూవ్ ఆదేశం మొత్తం ఫైలును కాపీ చేసి, తరువాత పాతదాన్ని తుడుస్తుంది. పెళ్ళి ఫుటేజీ విషయంలో ఆ తేడా ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

మా విద్యార్థుల ఫోల్డర్లకు ఐనోడ్‌ల (ఒక్కో ఫైలుకు ఒకటి ఉండే రికార్డుల) సంఖ్య మీద కూడా హద్దు పెట్టాను, ఎందుకంటే వాళ్లు రాసే నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రోగ్రాములు పరిమాణంలో చిన్నవే అయినా వేల కొద్దీ చిన్న ఫైళ్లను పోగుచేస్తాయి. మీకు ఆ అవసరం ఉండకపోవచ్చు.

అమలాపురం_ఆఫీస్:
ఒక సంగతి చేర్చాలి. ప్రాజెక్ట్ కోటా ఉన్న డైరెక్టరీ మీద డీఎఫ్ (డిస్కులో చోటు ఎంతుందో చూపే) ఆదేశం ఇస్తే మొత్తం డిస్కు కాదు, ఆ హద్దే పరిమాణంగా కనిపిస్తుంది. సాఫ్ట్ లిమిట్ ఉంటే దానినే చూపుతుంది. అంటే హార్డ్ లిమిట్ వరకు ఇంకా చోటు ఉన్నా, ఖాళీ సున్నా అని కనిపించే అవకాశం ఉంది. రెండర్ ఫోల్డర్‌కు సాఫ్ట్ లిమిట్ పెట్టకండి, హార్డ్ లిమిట్ ఒక్కటే ఇవ్వండి. ఎడిటర్లకు కనిపించే అంకె, నిజంగా మిగిలిన చోటు ఒకటే అవుతాయి.