లీఫ్ క్రాసోవర్ అయ్యాక నిజంగా మారిందేమిటి? సుంకి ఘాట్ మీద తిరిగే ఈవీకి అందులోంచి పనికొచ్చేదేమిటి?

సిమిలిగుడ26 అడిగింది:

నిస్సాన్ లీఫ్ ఇన్నాళ్లూ హ్యాచ్‌బ్యాక్. 2025 జూన్‌లో చూపించిన మూడో తరాన్ని మాత్రం క్రాసోవర్ (కారు ఒంటికి ఎస్‌యూవీ పోలిక తెచ్చిన బండి) అంటున్నారు. అది మన దేశంలో అమ్మడం లేదని తెలుసు, అడిగేది వేరే. చవక ఈవీలన్నీ ఒకటొకటిగా ఇదే దారి పడుతున్నాయి. ఇక్కడ కూడా టాటావాళ్ల హ్యాచ్‌బ్యాక్ టియాగో ఈవీ పక్కన పంచ్ ఈవీ వచ్చింది. చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ తొడిగి పేరు మార్చడమేనా, కింద కూడా ఏమైనా మారుతోందా?

వాడకం ఇదీ: కోరాపుట్ నుంచి విశాఖ, ఎన్‌హెచ్ 26 మీద సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం మీదుగా. ఒకవైపు సుమారు 200 కి.మీ., నెలకి రెండు మూడుసార్లు. మిగతా రోజుల్లో జయపురం, సునాబెడ, దమన్‌జోడి, లోపలి ఊళ్ల రోడ్లు. నలుగురం. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకోవచ్చు గానీ ఇల్లు లైను చివర్లో ఉంది, సాయంత్రమైతే ఓల్టేజీ పడిపోతుంది. హ్యాచ్‌బ్యాక్ తక్కువలో వస్తుంటే క్రాసోవర్‌కి పై డబ్బు పెట్టడం దండగా?

స్పానర్12:

ముందు లీఫ్ సంగతి. దాంట్లో పైన కన్నా కింద మారిందే ఎక్కువ. ఎత్తు తీసుకోండి, పాత హ్యాచ్‌బ్యాక్‌కీ దీనికీ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు మించదు. యూరప్ మోడల్ పొడవు 4.49 మీటర్ల నుంచి 4.35కి తగ్గింది. వీల్‌బేస్ మాత్రం 2.70 నుంచి 2.69, అంటే ఉన్నట్టే. తగ్గిన పొడవంతా చక్రాలకి ముందూ వెనకా బయటికి పొడుచుకొచ్చే భాగంలోంచే పోయింది. బంపరు చక్రానికి దగ్గరైతే గట్టెక్కేటప్పుడు మూతి తగలదు. క్రాసోవర్ అన్న మాటకి పనికొచ్చే అర్థం ఒకటుంటే అదే.

అసలు మార్పు బ్యాటరీది. 2010 డిసెంబర్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి లీఫ్‌లో 24 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ప్యాక్. 2017లో వచ్చిన రెండో తరంలో 40, తర్వాత 62. ఏ ప్యాక్‌కీ కూలెంట్ లైను లేదు, వేడి దానంతటదే బయటికి పోవాల్సిందే. అమెరికాలో ఫీనిక్స్ లాంటి ఎండ ఊళ్లలో బ్యాటరీ కెపాసిటీ చూపించే మీటరులో గీతలు పడిపోతున్నాయని 2012 నాటికే ఓనర్లు గొడవ పెట్టారు. అయిదేళ్లు లేదా 60,000 మైళ్ల లోపు 12 గీతల్లో 9 కన్నా తగ్గితే బాగుచేసి ఇస్తామని ఆ మీదట కంపెనీ వారంటీ ఇచ్చింది. 40 యూనిట్ల బండికి ఇంకో ఇబ్బంది. లాంగ్ డ్రైవ్‌లో ఒకే రోజు రెండోసారి, మూడోసారి ఫాస్ట్ చార్జింగ్ పెడితే, ప్యాక్ అప్పటికే వేడెక్కి ఉండడంతో కరెంటు బాగా తగ్గించి తీసుకునేది.

కొత్తదాంట్లో లిక్విడ్ కూలింగ్ వచ్చింది. ప్లాట్‌ఫామ్ నిస్సాన్‌దే ఇంకో ఈవీ అరియాది, పేరు సీఎంఎఫ్-ఈవీ. ప్యాక్ రెండు సైజుల్లో, 52, 75 యూనిట్లు. డీసీ ఫాస్ట్ చార్జింగ్ 150 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. వెనక సస్పెన్షన్‌లో రెండు చక్రాలనీ కలిపే టోర్షన్ బీమ్ తీసేసి మల్టీలింక్ పెట్టారు. గతుకుల్లో ఒక పక్క చక్రం ఎగిరితే రెండో పక్కకి ఆ కుదుపు అంతగా పాకదు. ఇన్ని మార్చి కూడా అమెరికాలో 75 యూనిట్ల బేస్ మోడల్‌ని డెలివరీ ఖర్చు కాక 29,990 డాలర్ల దగ్గర పెట్టారు. నా దృష్టిలో ఈ రీడిజైన్‌లో మెచ్చుకోవాల్సింది అది.

ఈవీలన్నీ ఎత్తుగా తయారవడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు. ప్యాక్‌ని నేల కింద పరుస్తారు. దాని మందం నాలుగైదు అంగుళాలు. నేల అంత లేచి కప్పు లేవకపోతే వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేచిపోయి తొడల కింద సీటు ఆనదు. కప్పూ లేపితే పక్కనుంచి బండి మందంగా కనిపిస్తుంది. ఆ మందం కనపడకుండా కింది అంచున నల్ల ప్లాస్టిక్ వేస్తారు. కాబట్టి షోరూములో ప్లాస్టిక్ వదిలేసి ప్యాక్ ఎక్కడుంది, దేనితో చల్లబడుతుంది, కింద రక్షణ రేకు ఏమిటి, ఈ మూడూ అడగండి. టియాగో ఈవీ, పంచ్ ఈవీ రెండిట్లోనూ లిక్విడ్ కూలింగ్ ఉంది. తేడా ఎక్కడంటే టియాగోది పెట్రోల్ బండి ఒళ్లు, అందులో ప్యాక్ ఇమిడ్చారు. పంచ్‌కి ఈవీ కోసం వేరే ప్లాట్‌ఫామ్ వాడారు.

ఘాట్‌లెక్క:

సిమిలిగుడ గారూ, మీ రోడ్డుకి లెక్క కడదాం.

గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటీ చూస్తే చాలదు, వీల్‌బేస్‌తో కలిపి చూడాలి. స్పీడ్ బ్రేకరు నడుముకి తగలకుండా దాటగలిగే కోణం ఆ రెండిటి మీదే ఆధారపడుతుంది. టియాగో ఈవీ 166 మి.మీ., వీల్‌బేస్ 2400: కోణం 15.7 డిగ్రీలు. పంచ్ ఈవీ 190 మి.మీ., వీల్‌బేస్ 2445: 17.7 డిగ్రీలు. పొడవాటి వీల్‌బేస్ 2690 ఉండి క్లియరెన్స్ 150 మి.మీ. ఉన్న బండైతే పన్నెండున్నర చిల్లరకి దిగిపోతుంది. అంటే పేరు క్రాసోవరే అయినా పొడుగు బండి మన ఊళ్లలో వేసే నిటారు బ్రేకర్ల మీద రాసుకుంటుంది. పైగా ఇవన్నీ ఖాళీ బండి అంకెలు. నలుగురెక్కి డిక్కీ నింపితే వెనక రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. టియాగోలో మిగిలేది 14 సెంటీమీటర్ల దగ్గర. లోపలి ఊళ్ల రోడ్ల మీద మధ్యలో లేచి ఉండే రాళ్లకి అది చాలదు, పైగా అక్కడ తగిలేది ప్యాక్ పెట్టె. మీ వాడకానికి పై డబ్బు పెట్టమనేది ఈ ఒక్క కారణంతోనే.

గాలి విషయంలో లెక్క తిరగబడుతుంది. కొత్త లీఫ్ డ్రాగ్ అంకె (గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది) 0.26, పాతది 0.28. తోక వాలుగా దించారు, డోర్ హ్యాండిళ్లు ఒంట్లో కలిపేశారు, అడుగు చదును చేశారు. మన పెట్టె ఆకారం బండి ఏదైనా 0.35 అనుకుందాం. 90 కి.మీ. వేగంలో ఆ తేడా 100 కి.మీ.కి దాదాపు రెండున్నర యూనిట్లు. 50 వేగంలో ఒక యూనిట్ కూడా ఉండదు. ఘాట్‌లో 40 మించి పోరు కాబట్టి ఆకారం పట్టించుకోనక్కర్లేదు. సాలూరు దాటాక మైదానంలో 90 మీద పట్టుకుంటే మాత్రం ఎత్తు బండి తినేస్తుంది. 70-75లో పెట్టండి.

ఇక ఎక్కుడు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, సాలూరు 120 లోపు. తేడా 750 మీటర్లు. మనుషులు, సామానుతో కలిపి 1,600 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికి 3.3 యూనిట్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే 3.8. దిగేటప్పుడు రీజెన్‌లో, అంటే మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీ నింపడంలో, రెండు యూనిట్లు తిరిగొస్తాయి, అంతకన్నా ఎక్కువ ఆశించకండి.

2024 జనవరిలో వచ్చిన పంచ్ ఈవీ పెద్ద ప్యాక్ 35 యూనిట్లు, కాగితం మీద 421 కి.మీ. ఆ అంకె మర్చిపోండి. 70-75 వేగంలో 100 కి.మీ.కి 13 యూనిట్లు పట్టుకోండి. విశాఖ వెళ్లడానికి, రీజెన్‌లో వచ్చే రెండూ పోను 24, అంటే 90 శాతంతో బయల్దేరితే 20 శాతంతో చేరతారు. తిరిగి రావడానికి 30 పైనే, నిండా పెట్టినా 12-13 శాతం మిగిలితే గొప్ప. వానలో, ఏసీ వేసుకుని అలా ఘాట్ ఎక్కకూడదు. విజయనగరంలో 20 నిమిషాలు డీసీ పెట్టండి. దానికి 50 కిలోవాట్ల దగ్గర 10 నుంచి 80 శాతానికి 56 నిమిషాలు పడుతుంది కాబట్టి 20 నిమిషాల్లో 9 యూనిట్ల దాకా వస్తాయి, అంతే చాలు. 25 యూనిట్ల చిన్న ప్యాక్ మీ దారికి పనికిరాదు, వెళ్లేటప్పుడు కూడా ఆగాల్సొస్తుంది.

ఒక జాగ్రత్త. కోరాపుట్‌లో 100 శాతం పెట్టుకుని ఘాట్‌లోకి దిగొద్దు. ప్యాక్‌లో చోటు లేకపోతే రీజెన్ పనిచేయదు, మొత్తం భారం బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. పది శాతం ఖాళీ అంటే మూడున్నర యూనిట్లు, దిగువలో వచ్చేదానికి సరిపడా చోటు. వానలో హెయిర్‌పిన్ల దగ్గర రీజెన్ గట్టి లెవెల్‌లో ఉంచకండి. అది ముందు చక్రాలనే పట్టేస్తుంది, తడి మలుపులో జారొచ్చు. మలుపుకి ముందే ప్యాడిల్‌తో ఒక మెట్టు తగ్గించండి.

సిమిలిగుడ26:

లెక్క కళ్లకి కట్టినట్టుంది, థాంక్సండి. ఒక సందేహం. పంచ్ ఈవీలో ఉండే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీని అప్పుడప్పుడూ నిండా చార్జ్ చేయాలంటారు కదా, మీరేమో 90 అంటున్నారు. ఓల్టేజీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. స్టెబిలైజర్ పెడితే సరిపోతుందా?

రాయగడ_వైరింగ్:

రెండూ నిజమే, రోజు చూసి చేయాలి. ఎల్‌ఎఫ్‌పీ సెల్ ఓల్టేజీ 20 నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే ఎంత మిగిలిందో ఓల్టేజీ చూసి తేల్చడం బీఎంఎస్‌కి (బ్యాటరీని చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టెకి) కష్టం, వచ్చింది పోయింది లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ లెక్కలో తప్పు పేరుకుంటుంది. నిండా ఎక్కినప్పుడు మాత్రమే లెక్క సరిదిద్దుకుని సెల్స్‌ని సమం చేసుకుంటుంది. వారానికోసారి 100 పెట్టండి, ఘాట్ దిగని రోజున. లేదా విశాఖ నుంచి తిరిగొచ్చే ముందు రాత్రి అక్కడ 100 పెట్టండి, ఎలాగూ ఎక్కేదే.

స్టెబిలైజర్ వద్దు. అది ఓల్టేజీ పెంచాలంటే లైను నుంచి అంతకంత ఎక్కువ కరెంటు లాగుతుంది. లైను చివరి ఇంట్లో దానివల్ల ఓల్టేజీ ఇంకా పడుతుంది. ముందు మీటరు దగ్గర, చార్జింగ్ చోట రెండు దగ్గర్లా ఓల్టేజీ కొలిపించండి. మీటరు దగ్గరే 190 ఉంటే తప్పు బయటి లైనుది, మీ కరెంటు కంపెనీ టీపీ సదరన్ ఒడిశా సెక్షన్ ఆఫీసులో లిఖితంగా ఇవ్వండి, శాంక్షన్డ్ లోడ్ పెంచమని కూడా అందులోనే రాయండి. మీటరు దగ్గర 225 ఉండి చార్జింగ్ చోట పడిపోతుంటే తప్పు ఇంటి వైరుది.

వైరు లెక్క: మీటరు నుంచి 30 మీటర్ల దూరంలో 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీద 15 ఆంప్స్ లాగితే దాదాపు 7 ఓల్టులు వైరులోనే పోతాయి. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 32 ఆంప్స్ లాగినా 6 ఓల్టులే పోతాయి. 7.2 కిలోవాట్ల చార్జర్‌కి 6 స్క్వేర్ రాగి, వేరే లైను, 40 ఆంప్స్ సీ-కర్వ్ ఎంసీబీ (లోడు మించితే పడే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్). ఆర్‌సీసీబీ మీద టైప్ ఏ అని ఉండాలి. దుకాణంలో చవకగా దొరికేది టైప్ ఏసీ, ఈవీకి అది పనికిరాదు. చార్జర్ నుంచి కొద్దిగా డీసీ లీకైతే అది గుడ్డిదైపోయి పడాల్సినప్పుడు పడదు. మామూలు 16 ఆంప్స్ గోడ సాకెట్‌లో రాత్రంతా నడపకండి, గంటల తరబడి వేడికి పిన్నులు మాడతాయి. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి.

సాయంత్రం చార్జింగ్ మానేసి రాత్రి 11 తర్వాత టైమర్ పెట్టండి. అప్పటికీ ఓల్టేజీ పడుతుంటే వాల్‌బాక్స్‌లో (గోడకి బిగించే చార్జర్‌లో) కరెంటు 32 నుంచి 16 ఆంప్స్‌కి దించండి, వైరులో పోయే ఓల్టేజీ సగమవుతుంది.

కోరాపుట్ వైపు చాలామందికి చార్జర్ ఎర్ర లైటు వేసి ఆగిపోయేది ఎర్త్ వల్ల. అక్కడిది ఎర్ర రాతి నేల, ఎండాకాలం పొడిబారితే ఎర్త్ రెసిస్టెన్స్ పైకి పోతుంది. ఎప్పుడో వేసిన పాత ఎర్త్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. మూడు మీటర్ల రాడ్లు రెండు, మధ్యన కనీసం మూడు మీటర్ల ఎడం, చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపి రెండూ కలిపించండి. ఉప్పు, బొగ్గు వేస్తే రాడ్డు తుప్పు పట్టి కొన్నేళ్లకే పాడవుతుంది. అయిదు ఓమ్‌ల లోపు ఉండాలి, అదీ మే నెలలో కొలిచినప్పుడు. చార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే మూడు ఓల్టుల లోపు రావాలి.

పర్లాకిమిడి_టైర్స్:

పైవాళ్లు చెప్పని విషయం చక్రాలు. అమెరికాలో కొత్త లీఫ్‌ అంకెలే చూడండి. ఒకే 75 యూనిట్ల ప్యాక్, బేస్ మోడల్ ఈపీఏ (అక్కడి ప్రభుత్వ సంస్థ) రేంజి 303 మైళ్లు, 19 అంగుళాల చక్రాల టాప్ మోడల్‌ది 259. అంటే 488 కి.మీ., 417 కి.మీ. టాప్ మోడల్‌లో అదనంగా బిగించిన వాటి బరువు కొంత, పెద్ద చక్రాలు కొంత కలిసి 70 కి.మీ. తినేశాయి. క్రాసోవర్ అనగానే పెద్ద రిమ్ములున్న టాప్ మోడల్ మీద మనసు పోతుంది. గతుకుల రోడ్డుకి కావలసింది సైడ్‌వాల్ (రిమ్ముకీ రోడ్డుకీ మధ్య టైరు పక్క గోడ) ఎత్తున్న టైరు. సైడ్‌వాల్ తక్కువైతే గోతి అంచుకి రిమ్ము వంగుతుంది, టైరు పక్కన ఉబ్బుతుంది.

నీళ్లు చొరబడవనడానికి ఐపీ67 అనే గ్రేడు చెప్పి అమ్ముతారు. అది ప్యాక్ పెట్టెకి, కొత్తగా ఉన్నప్పుడు, మీటరు లోతులో అరగంటకి చేసే పరీక్ష. బండి దాటగలిగే నీళ్లు వేరే అంకె, పంచ్ ఈవీకి 350 మి.మీ. చిన్న బండి చక్రం మధ్య బొడిపె మించి నీళ్లుంటే కాజ్‌వేలోకి దిగొద్దు. కింద రాయి గట్టిగా తగిలిందంటే అదే వారం లిఫ్ట్ ఎక్కించి చూపించండి: రక్షణ రేకు లోపలికి నొక్కుకుని ప్యాక్‌ని తాకుతోందా, కూలెంట్ గొట్టాలు నలిగాయా, ప్యాక్ మూత బోల్టుల చుట్టూ సీలు చిరిగిందా. ఈ మూడూ బాగుంటేనే మళ్లీ నీళ్లలోకి దించండి. వానాకాలంలో రీజెన్ మీదే నడిస్తే బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, రెండు రోజులకోసారి ఖాళీ రోడ్డు మీద రీజెన్ సున్నాలో పెట్టి నాలుగుసార్లు గట్టిగా బ్రేకు కొట్టి తుడిపేయండి.