ఆడా మగా కలిసిన గ్రూపులు, జంటలు: మీ మొదటి ఐదు పాటలేవి? (నాదొక షరతు ఉంది)

సైడ్‌బీ_గుంటూరు

పోయిన శనివారం మా మేనకోడల్ని హైదరాబాద్ నుంచి ఊరికి తీసుకొస్తున్నాను. స్టీరింగ్ నా చేతిలో, పాటలు దాని చేతిలో. చౌటుప్పల్ దాటాక, "మామయ్యా, అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఉన్న గ్రూపులవి నీ టాప్ ఫైవ్ ఇంగ్లీషు పాటలు చెప్పు" అంది. సూర్యాపేటలో టీకి ఆగేసరికి మా మధ్య మాటల్లేవు. దాని లిస్టులో నంబర్ వన్ స్వీడన్ గ్రూపు అబ్బా వాళ్ల 'డాన్సింగ్ క్వీన్'. నా ఐదింటిలో అసలా పాటే లేదు. "నీకు చెవులున్నాయా?" అని అడిగి, కోదాడ దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నా షరతు ఒక్కటే. ఆడా మగా గ్రూపులో ఉంటే చాలదు, పాటలో ఉండాలి. ఒక గొంతు తీసేస్తే పాట కూలబడాలి. 'డాన్సింగ్ క్వీన్' 1976 నాటి పాట, అమెరికాలో అబ్బాకి నంబర్ వన్ దక్కిన ఒకే ఒక్క పాట, కాదనను. కానీ గ్రూపులోని ఆడవాళ్లు ఆగ్నెతా, ఫ్రిదా ఇద్దరే మొత్తం నడిపించేస్తారు. మగ గొంతు కోసం చెవి రిక్కించి వెతుక్కోవాలి.

ఈ షరతు నాకెలా పట్టుకుందో చెప్తాను. 1986, నేను ఇంటర్ ఫస్టియర్. పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చే షాపులు ఉండేవి కదా. అరవై నిమిషాల క్యాసెట్ ఇచ్చొచ్చాను. మూడు రోజుల తర్వాత వెళ్తే అట్ట మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో 'అబ్బా - 4, బోనీ ఎం - 3' అని రాసి ఇచ్చాడు. మా అమ్మ అది చూసి "అబ్బా ఏంట్రా, ఎవరికి తగిలింది దెబ్బ?" అంది.

సైడ్ ఏ చివరి పాట హ్యూమన్ లీగ్ వాళ్ల 'డోంట్ యు వాంట్ మీ'. ఫిలిప్ ఓకీ మొదటి చరణం పాడతాడు: నువ్వు బార్‌లో వెయిట్రెస్‌గా ఉన్నప్పుడు చూసి పైకి తెచ్చాను, ఇప్పుడు నన్నే వదిలేస్తావా, అని. తర్వాత పల్లవి. పల్లవి అవుతూనే టక్. టేపు అయిపోయి బటన్ పైకి లేచింది. షాపతను నిమిషాలు లెక్కేసుకోలేదు.

ఏడేళ్లు ఆ పాట అంతేననుకున్నాను. పాపం మంచివాడు, ఆ అమ్మాయే ముంచింది అనుకున్నాను. 1993లో హైదరాబాద్‌లో ఫ్రెండు రూంలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కన వాడి టేప్‌రికార్డర్‌లో అదే పాట. నాకు టక్ మనాల్సిన చోట ఒక అమ్మాయి గొంతు మొదలైంది. సూజన్ యాన్ సల్లీ. వెయిట్రెస్‌గా ఉన్నమాట నిజమే, కానీ నువ్వున్నా లేకపోయినా నేను బాగుపడతానని నాకప్పుడే తెలుసు, అంటుంది. అరుపూ లేదు, ఏడుపూ లేదు, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్తుంది. నా చొక్కా కాలర్ మాడిపోయింది.

మన సినిమా డ్యూయెట్లో ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. ఇందులో ఇద్దరూ చెరో సాక్ష్యం చెప్తారు, తీర్పు మనకి వదిలేస్తారు. ఆ సల్లీనీ, జోన్ క్యాథరాల్‌నీ 1980లో ఓకీ షెఫీల్డ్ డాన్స్ క్లబ్బులో చూసి గ్రూపులోకి తెచ్చుకున్నాడు, అప్పటికి ఇద్దరూ ఇంకా చదువుకుంటున్న పిల్లలే. పైగా ఓకీకి ఈ పాట నచ్చలేదు, ఆల్బంలో అన్నిటికంటే చివర పెట్టించాడు. అదే 1981లో ఇంగ్లండ్‌లో క్రిస్మస్ నంబర్ వన్.

అందుకని నాకు ఒకటి అదే. రెండు ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'గో యువర్ ఓన్ వే'. మూడు అబ్బాదే, కానీ 'టేక్ ఎ చాన్స్ ఆన్ మీ'. వెనకాల మగవాళ్లిద్దరూ రైలు చక్రాల్లా ఆ మాటనే తిప్పుతూ ఉంటారు చూడండి, వాళ్లలో బ్యార్న్‌కి అది పరిగెడుతుంటే తట్టిందట. అది ఆపేస్తే పాట లేదు. నాలుగు బోనీ ఎం 'డాడీ కూల్'. ఐదు ఆక్వా వాళ్ల 'బార్బీ గర్ల్'. నవ్వుకోండి, రెనే డిఫ్ బొంగురు గొంతు లేకుండా ఆ పాట పాడి చూపించండి ముందు.

మీ ఐదూ చెప్పండి. షరతు తప్పంటే అది కూడా చెప్పండి.

కీస్_రాజమండ్రి

అన్నా, కాలర్‌కి నా సంతాపం.

నేను పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. లేడీ సింగర్ బస్సు మిస్సయితే ప్రోగ్రాం ఏమవుతుందో మాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు, కాబట్టి మీ షరతు నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ 'గొంతు' అనకండి, 'మనిషి' అనండి. లేకపోతే కార్పెంటర్స్ మొత్తం ఎగిరిపోతారు. కారెన్ పాడుతుంది, రిచర్డ్ పెద్దగా వినపడడు. కానీ ఆ కోరస్‌లో పేర్చిన గొంతుల వరసలు ఎవరివి? అన్నాచెల్లెళ్లిద్దరివే, ఒకదాని మీద ఒకటి మళ్లీ మళ్లీ రికార్డు చేసి కట్టారు. బాణీ కూర్పు రిచర్డ్‌ది. 1972 నాటి 'గుడ్‌బై టు లవ్' వినండి. అంత మెత్తటి పాట మధ్యలో గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్ పెట్టించాడు, టోనీ పెలూసో వాయించింది. అభిమానులు తిడుతూ ఉత్తరాలు రాశారు. నాకు అదే నంబర్ వన్. కారెన్ మొదట డ్రమ్స్ వాయించేది, పాట తర్వాత. స్టేజి ముందుకొచ్చి నిలబడమంటే ఇష్టపడేది కాదు. 32 ఏళ్లకే పోయింది, 1983లో. దాని గురించి ఇంకా రాస్తే నాకు ఈ రాత్రి పని సాగదు.

మీ రెండో పాట మీద కూడా పేచీ ఉంది. 'గో యువర్ ఓన్ వే' ఆ గ్రూపులోని లిండ్సే బకింగ్‌హాం తనని వదిలేసిన తోటి గాయని స్టీవీ నిక్స్ మీద రాసినది, వెనక గొంతు స్టీవీదే. తన మీద వేసిన నింద తానే నవ్వుతూ పాడాలి, ప్రతి షోలోనూ. బాగుంది. కానీ అదే 1977 ఆల్బంలో స్టీవీ తిరిగి ఇచ్చిన జవాబు 'డ్రీమ్స్' ఉంది. వాళ్లకి అమెరికాలో నంబర్ వన్ అయింది అదొక్కటే. మీ భాషలో చెప్పాలంటే అది సైడ్ బీ. రెండూ కలిపి ఒకే పాటగా లెక్కెయ్యండి.

ఇంకోటి, 'డ్రీమ్స్' దాదాపు మొత్తం రెండే కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుత్తులు), ఎఫ్, జీ. ఒకసారి కాలేజీ ఫంక్షన్‌లో వేశాం. రెండు నిమిషాలయ్యాక బేస్ గిటార్ కుర్రాడు నా చెవి దగ్గరకొచ్చి "మాస్టారూ, మూడోది ఎప్పుడొస్తుంది?" అన్నాడు. రాదు నాయనా, వాయించు అన్నాను.

వింటర్‌కోట్_సుజాత

సైడ్‌బీ గారూ, నేను స్టాక్‌హోంలో ఉంటాను, ఆరో చలికాలం ఇది. కాబట్టి అబ్బా గురించి మాట్లాడే హక్కు కొంచెం ఎక్కువుందనుకుంటున్నా. ఇక్కడి అబ్బా మ్యూజియంలో గోడకి ఒక పాత ఎర్ర టెలిఫోన్ ఉంటుంది. దాని నంబరు ఆ నలుగురికే తెలుసట, ఎప్పుడైనా మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తొచ్చు. మా అమ్మ గుడివాడ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే, ఫోను ముందు పావుగంట నిలబడింది. మోగలేదు. "రాంగ్ నంబరన్నా రాదేంటే" అంది.

మీ షరతుకి అడ్డం వచ్చే పాట నేను చెప్తా. 'ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్', 1980. పాట మొత్తం ఆగ్నెతా గొంతే ముందు. మీ లెక్కన ఫెయిల్. కానీ మాటలు రాసింది ఎవరు? బ్యార్న్. అప్పటికి విడిపోయిన భర్త. ఓడిపోయిన భార్య ఏమంటుందో తానే రాసి, కాగితం ఆమెకే ఇచ్చి పాడమన్నాడు. అది మా కథ కాదు, కల్పితం అని అతను చాలాసార్లు చెప్పాడు. సరే, కల్పితమే. అయినా ఆ కాగితం అందుకున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మగ గొంతు లేదు, కానీ ప్రతి మాటలో అతనున్నాడు. మీ 'బార్బీ గర్ల్' కంటే ఇందులోనే మగవాడు ఎక్కువున్నాడు.

రెండోది స్వీడన్ జంట రాక్సెట్ పాట 'ఇట్ మస్ట్ హ్యావ్ బీన్ లవ్'. అదీ అంతే, రాసింది పేర్ గెస్లే, పాడింది మరీ ఫ్రెడ్రిక్సన్. 1987లో మొదట క్రిస్మస్ పాటగా విడుదల చేశారు. 1990లో 'ప్రెటీ ఉమన్' సినిమాకి ఇచ్చేటప్పుడు క్రిస్మస్ అన్న మాట తీసి చలికాలం అని పెట్టారు. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికి చీకటి పడిపోయి, బస్టాపులో ఒక్కదాన్నే నిలబడ్డప్పుడు ఆ పాట ఎందుకలా ఉందో నాకర్థమైంది. మీ షరతే కావాలంటే 'ది లుక్' పెట్టుకోండి, అందులో పేర్ పాడతాడు. కానీ ఫ్రెడ్రిక్సన్ ముందు అతను తేలిపోతాడు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

రిటైర్డ్_రేడియో

'డాడీ కూల్' చెల్లదు. బోనీ ఎం రికార్డుల్లో మగ గొంతు స్టేజి మీద గంతులేసే బాబీ ఫారెల్‌ది కాదు, వాళ్ల జర్మన్ ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆడవాళ్లు ముగ్గురిలో కూడా రికార్డుల్లో పాడింది లిజ్ మిచెల్, మార్షా బ్యారెట్ మాత్రమే.

అయితే దాన్ని మోసం అనేవాళ్లంటే నాకు నవ్వొస్తుంది. పాడేవాడు ఒకడు, పెదవులు కదిపేవాడు ఒకడు అంటే మనకి కొత్తా? ఘంటసాల గారు పాడితే తెర మీద ఇంకొకరు కనిపించారని ఎవరైనా టికెట్ డబ్బులు వెనక్కి అడిగారా? తేడా ఏంటంటే మనం టైటిల్స్‌లో పేరు వేశాం.

బాబీ 2010 డిసెంబర్ 30న సెయింట్ పీటర్స్‌బర్గ్ హోటల్లో పోయాడు. రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు రాస్పుతిన్ చంపబడింది కూడా అదే ఊళ్లో, అదే తేదీన, 1916లో. వాళ్ల 'రాస్పుతిన్' పాట వింటున్నప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

బీఎం_బయాస్

అంకుల్స్ అండ్ సుజాత అక్కా, 1990 తర్వాత భూమి ఆగిపోయిందా? 😄

కార్డ్ (KARD) అనే కొరియన్ గ్రూపుని వినండి. కొరియాలో అబ్బాయిల గ్రూపులు వేరు, అమ్మాయిల గ్రూపులు వేరు. కలిపితే ఫ్యాన్స్‌కి పడదని కంపెనీలకి భయం. అలాంటిచోట బీఎం, జేసెఫ్, సోమిన్, జివూ నలుగురూ 2017 నుంచి నెట్టుకొస్తున్నారు. 'ఓ నానా'లో నలుగురికీ వంతులున్నాయి, ఒక్కరిని తీసినా బొక్క పడుతుంది. అంకుల్ షరతు వందకి వంద పాస్. నాకు నంబర్ వన్ అదే, మిగతా నాలుగూ కూడా వాళ్లవే, రాయడం వేస్ట్.

సైడ్‌బీ_గుంటూరు

బీఎం తమ్ముడూ, విన్నాను. రెండుసార్లు విన్నాను. నువ్వు చెప్పింది నిజమే, వంతులు చక్కగా పంచుకున్నారు. కానీ నలుగురూ ఒకరి మాట ఒకరు వింటున్నట్టు లేదు, క్యూలో నిలబడి ఎవరి పని వాళ్లు చేసుకున్నట్టుంది. తిట్టుకో.

రేడియో గారూ, 'డాడీ కూల్' ఉంచుతాను. ఫారియన్ గొంతైనా మగ గొంతే కదా. పైగా మొదట్లో వచ్చే ఆ టకటక ఆయన పెన్సిల్‌తో పళ్ల మీద కొట్టుకున్న శబ్దమని చదివినప్పట్నుంచి నాకు మర్యాద ఇంకా పెరిగింది. మా ఆవిడ చూస్తుండగా నేనూ ప్రయత్నించాను. రాలేదు.

కీస్ బ్రదర్ చెప్పిన జంట లెక్క ఒప్పుకుంటున్నా, 'గో యువర్ ఓన్ వే', 'డ్రీమ్స్' కలిపి ఒకటే. కార్పెంటర్స్ మాత్రం నాకు చెల్లెలి పాటే అనిపిస్తుంది, ఏం చెయ్యను.

సుజాత గారి దగ్గర ఓడిపోయాను. ఆ కాగితం మాట దగ్గర ఆగిపోయాను. 'బార్బీ గర్ల్' తీసేసి 'విన్నర్' పెట్టాను, రెండో స్థానంలో. అంటే షరతు నేనే తప్పాను. మా మేనకోడలికి ఇదంతా పంపితే, "అయితే డాన్సింగ్ క్వీన్ బాణీలో బెన్నీ, బ్యార్న్ లేరా మరి?" అని ఒక్క వాక్యం పెట్టింది. ఇంకా జవాబివ్వలేదు.

తర్వాత ఇంకో మెసేజ్: "ఆ క్యాసెట్ ఇంకా ఉందా మామయ్యా?" ఉంది. అట్ట మీద 'అబ్బా' కూడా చెదరలేదు. వినడానికి ప్లేయర్ లేదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పనిచేసే టేప్‌రికార్డర్ ఉంటే చెప్పండి, నేనే వస్తాను. దానికి ఆ టక్ వినిపించాలి.

కీస్_రాజమండ్రి

నా దగ్గర ఒకటుందన్నా. బెల్టు సాగిపోయింది, పాట కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. ఓకీ ఇంకా బాధగా వినపడతాడు.