కాన్పుల పనికి ట్రైనింగ్ ఎక్కడ?

ఉదయగిరి కోడలు: మా అవ్వ మంత్రసాని. కాన్పయ్యాక మాయ (ప్లాసెంటా) పడగానే పళ్ళెంలో పరిచి, ఎక్కడైనా ముక్క తెగి లోపలే ఉండిపోయిందేమోనని దీపం దగ్గర పెట్టుకుని చూసేది. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను. నాకూ ఈ పనే చేయాలనుంది. దారేంటి?

రిటైర్డ్ ఏఎన్ఎం: మంచిదే అమ్మాయ్. 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది: నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, అంటే నర్సులకు కాన్పుల పని నేర్పే కోర్సు, 18 నెలలు. జీఎన్ఎం వాళ్ళకీ అవకాశం ఉంది, కాన్పుల అనుభవం అడుగుతారు. కాకపోతే అది ఆసుపత్రి పని, ఇంటింటికీ తిరిగేది కాదు. అప్పట్లో మంత్రసానులకిచ్చిన ట్రైనింగ్ ఎక్కువగా శుభ్రం మీదే: చేతులు, పక్క, బ్లేడు, దారం, బొడ్డు. బొడ్డుకు బూడిద అద్దొద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది!

కావలి అక్క: ఇంట్లో రక్తం ఆగకపోతే?

రిటైర్డ్ ఏఎన్ఎం: అందుకే ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగిసి రక్తం తగ్గే మందు) 10 యూనిట్లు తొడకు ఇంజెక్షన్ వేస్తాం. మంత్రసాని దగ్గర అది ఉండదు, 108కి ఫోన్ చేసి టెన్షన్ పడాల్సిందే.