పెసర, కంది, పల్లి బుడిపెల బ్యాక్టీరియా: 16ఎస్ (జాతి గుర్తింపుకు వాడే ఆర్ఆర్ఎన్ఏ జన్యువు)లో ఒకటే, నాడ్‌సి (బుడిపె కట్టించే జన్యువు) చెట్టులో, అంటే వంశవృక్షంలో, వేరు. ఏది నమ్మాలి?

చెలక_నేల:
వరంగల్, ములుగు వైపు చెలకల్లో పెసర, కంది, పల్లి వేరు బుడిపెల నుంచి తీసిన 14 ఐసోలేట్లు (విడిగా పెంచిన బ్యాక్టీరియా). 16ఎస్ ప్రకారం అన్నీ బ్రాడీరైజోబియమే (నత్రజని పట్టే బుడిపె బ్యాక్టీరియా), అందులో 9 అచ్చం ఒకటే. నాడ్‌సి జన్యువుతో చెట్టు గీస్తే ఆ తొమ్మిదే మూడు కొమ్మలుగా చీలినయ్. ఇల్యూమినా రీడ్లు (చిన్న డీఎన్ఏ ముక్కల చదువు), స్పేడ్స్ టూల్‌తో వాటిని కలిపిన అసెంబ్లీ, ఒక్కోదానికి 150 దాకా కాంటిగ్‌లు (కలిసిన ముక్కలు). జీనోమ్‌ల జన్యువులు పోల్చే రోరీ నడిపితే కోర్ జన్యువులు (అన్నిటిలో ఉండేవి) 400 కూడా రాలేదు. తప్పు ఎక్కడ?

రేగడి:
చెట్లలో తప్పు లేదన్నా, రోరీ వాడకంలోనే ఉంది. దాని డిఫాల్ట్ ప్రోటీన్ పోలిక 95 శాతం. ఒకే జాతి లోపల పోల్చడానికి రాసిన టూల్ అది. మూడు నాలుగు జాతులు కలిపి పెడితే ఒకే జన్యువు నాలుగు పేర్లతో విడిపోయి కోర్ అంతా కరిగిపోతది. ముందు ఫాస్ట్‌ఏఎన్‌ఐ (జీనోమ్‌ల సగటు పోలిక, అంటే ఏఎన్‌ఐ, చెప్పే టూల్) నడిపి 95–96 శాతం దగ్గర గుంపులు కట్టండి. గుంపు లోపల రోరీ లేదా అలాంటిదే పనారూ, గుంపుల మధ్య దూరపు జాతుల జన్యువులు పోల్చే ఆర్థోఫైండర్. ఈ జాతుల్లో 16ఎస్ 99 శాతం పైన కలుస్తది కాబట్టి జాతి తేల్చడానికి అది చాలదు.

ఇక రెండు చెట్లు కలవకపోవడం ఇక్కడ మామూలే. నాడ్ (బుడిపె కట్టించేవి), నిఫ్ (నత్రజని పట్టేవి) జన్యువులు సహజీవన ద్వీపం మీద, అంటే జీనోమ్‌లో అవి గుంపుగా ఉన్న ముక్క మీద, ఉంటయ్. కొన్నిటిలో ఆ ద్వీపం మొత్తంగా పక్క బ్యాక్టీరియాలోకి దూకుతది. న్యూజిలాండ్‌లో లోటస్ విత్తనానికి పట్టించిన మీసోరైజోబియం (ఇంకో బుడిపె బ్యాక్టీరియా) కల్చర్ నుంచి సహజీవన జన్యువులు నేలలోని బ్యాక్టీరియాకు చేరినట్టు 1995లో చూపించారు; ఆ ద్వీపం దాదాపు 500 కిలోబేసులని 1998లో తేల్చారు. జాతి పేరు కోర్ చెట్టు నుంచి, ఏ పంటతో జత కడతదన్నది నాడ్ చెట్టు నుంచి. రెండూ పక్కపక్కన వేయండి, కలిపి ఒకే చెట్టు చేయొద్దు.

బుడిపె_శాస్త్రం:
ద్వీపం గురించి మాట్లాడాలంటే 150 కాంటిగ్‌లు పనికిరావు. ఆ ప్రాంతం నిండా ట్రాన్స్‌పోజాన్ల (చోటు మారే డీఎన్ఏ ముక్కల) నకళ్లు ఉంటాయి, చిన్న రీడ్లు ప్రతి నకలు దగ్గరా తెగిపోతాయి. ‘నిఫ్ లేదు’ అని రాసే ముందు అది నిజంగా లేదా, తెగిన చోట పడిందా చూడాలి. పైగా నిఫ్‌వి జన్యువు చాలా రైజోబియాల్లో (బుడిపె బ్యాక్టీరియాల్లో) ఉండదు, అది తయారుచేయించే హోమోసిట్రేట్‌ను, అంటే నత్రజని పట్టే ఎంజైమ్‌కు కావాల్సిన పదార్థాన్ని, మొక్కే ఇస్తుంది. కాబట్టి అది లేకపోవడం లోపం కాదు.

ఏఎన్‌ఐ గుంపుకొకటి చొప్పున నానోపోర్ (పొడవైన రీడ్లిచ్చే పద్ధతి) చేయించండి. 9 మెగాబేసుల జీనోమ్‌ను సగటున 50 సార్లు చదవాలంటే 450 మెగాబేసుల డేటా, అంతే. అసలు కష్టం డీఎన్ఏ దగ్గర: ఈ బ్యాక్టీరియా బంక పైపెట్‌కు సాగుతుంది. మానిటాల్ (మీడియంలో వేసే చక్కెర లాంటిది) తగ్గించి పెంచండి, కణాలను 1 మోలార్ ఉప్పు నీళ్లతో కడిగాకే డీఎన్ఏ తీసే సీటీఏబీ పద్ధతి మొదలుపెట్టండి.

చెలక_నేల:
థ్యాంక్స్. ఒక అసెంబ్లీ మాత్రం 13.5 మెగాబేసులు వచ్చింది. పెద్ద జీనోమ్ అనుకోవచ్చా?

రేగడి:
వద్దు, అది చాలావరకు రెండు బ్యాక్టీరియాల కలగలుపే అయి ఉంటది. చెక్‌ఎం (జీనోమ్‌లో కల్తీ చూసే టూల్) నడపండి, కల్తీ 5 శాతం దాటితే ఆ జీనోమ్ పక్కన పెట్టాల్సిందే. కాంటిగ్‌ల జీసీ శాతం (డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా) గ్రాఫ్ గీసి చూడండి: బ్రాడీరైజోబియం 63–64 దగ్గర ఉంటది, 45 దగ్గర ఇంకో గుట్ట కనబడితే బుడిపెలో దాక్కున్న బాసిల్లస్ లాంటిదే అయి ఉంటది. ప్లేట్ మీద రెండో రోజుకే కాలనీ లేస్తే అనుమానించాలి, బ్రాడీరైజోబియంకు అయిదారు రోజులు పడతది. ప్లేట్ మీద మళ్లీ గీసి ఒంటి కాలనీ తీయండి. బుడిపెను ఆఖరున కడిగిన నీళ్లు కూడా ఒక ప్లేట్ మీద పోసి చూడండి, అందులో ఏదైనా మొలిస్తే పైపొర శుభ్రం కానట్టే.