సిజేరియన్ అయి నాలుగో నెల, శ్రీవారి మెట్టు ఎక్కొచ్చా?

బైరాగిపట్టెడ అమ్మాయి:
పాపకు నాలుగో నెల. కడుపుతో ఉండక ముందు వారానికి నాలుగు రోజులు యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిగెత్తేదాన్ని. బిడ్డ క్షేమంగా పుడితే శ్రీవారి మెట్టు మీదుగా నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నా. ఐదో నెలలో పుట్టు వెంట్రుకలు తీయిస్తాం కదా, ఆ రోజే మొక్కు కూడా తీర్చేసుకో అంటోంది అత్తమ్మ. ఆరో వారం చెకప్‌లో కుట్లు చూసి, బాగా మానాయి, ఇంక అన్నీ చేసుకోవచ్చు అని రెండు నిమిషాల్లో పంపేశారు. ఆ ధైర్యంతోనే పోయిన వారం మేడ మీద స్కిప్పింగ్ చేశా, పదిసార్లు ఎగిరానో లేదో మూత్రం కారిపోయింది. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా జారుతున్నట్టు ఉంటోంది. అమ్మకొక్కదానికే చెప్పా, కాన్పయ్యాక అందరికీ అంతేలే అంది. నిజంగా అంతేనా?

చిత్తూరు ఫిజియో:
చాలామందికి ఉంటుందమ్మా, కానీ భరించాల్సిన పని లేదు. ఆరు వారాలకు చర్మం మీది కుట్లు మానతాయి, లోపల కోసిన పొరలు గట్టిపడటానికి ఇంకా నెలలు పడుతుంది. పరుగు, స్కిప్పింగ్ లాంటివి 12 వారాల లోపు ఎవరూ చేయకూడదు, ఆ తర్వాత కూడా కారడం, బరువు, నొప్పి ఏవీ లేకపోతేనే. మీకు రెండున్నాయి కాబట్టి ఇప్పుడు ఎగరడం ఆపేయండి. ఆ బరువు గర్భసంచి జారడం వల్లా కావచ్చు, ముందు గైనకాలజిస్టుకు ఇది విప్పి చెప్పి పరీక్ష చేయించుకోండి.

కటి కండరాల (అంటే మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాల) వ్యాయామం ఈ రోజే మొదలుపెట్టొచ్చు. గ్యాసును, మూత్రాన్ని ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి, ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. కొన్ని సెకన్లు ఉంచి పూర్తిగా వదిలేయాలి, ఆ వదలడమే చాలామంది మరిచిపోతారు. ఎనిమిది పదిసార్లు, రోజుకు మూడు పూటలా, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఇది చేసి చూడొద్దు. తిరుపతిలోనే ఉన్నారు కదా, స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది, సరిగ్గా బిగిస్తున్నారో లేదో చూపించుకోండి. నడక మానొద్దు. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా వారానికి 150 నిమిషాలకు తీసుకెళ్లండి.

రేణిగుంట అక్క:
చెల్లీ, నేను ఐదో నెలలో అలిపిరి నుంచి ఎక్కాను. బాబు గుడ్డలో ఛాతీకి కట్టి ఉన్నాడు, భుజానికి పాల సీసా, లంగోటీల సంచి. గాలిగోపురం దాకా మొండిగా ఎక్కేశా. మోకాళ్ల పర్వతం దగ్గర ఒక్కో మెట్టుకు ఊపిరి బిగబట్టి, పిట్టగోడ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కున్నా, ఆ బిగబట్టిన ప్రతిసారీ కింద దిగజారినట్టే అయ్యింది. తర్వాత రెండు వారాలు బాబును ఎత్తుకోలేకపోయాను. శ్రీవారి మెట్టు దూరం తక్కువేలే అనుకోవద్దు, రెండు కిలోమీటర్లకే 2,388 మెట్లు. ముందు ఇంటి మెట్లు బిడ్డ లేకుండా ఎక్కి దిగి చూడు, మరుసటి రోజు ఒళ్లు ఏం చెబుతుందో చూసుకో. పాలిచ్చాకే బయల్దేరు, రొమ్ములు నిండుగా ఉంటే నడవలేవు.

చంద్రగిరి పెద్దమ్మ:
నాకు 58 ఏళ్లమ్మా. నా కాన్పులప్పుడు పొట్టకు పాత చీర బిగించి కట్టి, మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. దగ్గితే తడిసిపోవడం అప్పుడు మొదలైంది, నా కర్మ అనుకుని ఎవరికీ చెప్పలేదు, పెళ్లిళ్లకు పోవడం కూడా తగ్గించుకున్నా. పోయినేడు నా కోడలే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈ వయసులో కూడా ఆ వ్యాయామంతో సగానికి పైగా తగ్గింది. మీ అత్తకు ఇది చదివి వినిపించు. స్వామికి తొందర లేదు.

బైరాగిపట్టెడ అమ్మాయి:
పెద్దమ్మా, ఇది మా అత్తమ్మ చేతికే ఇచ్చి చదివించా. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నాక్కూడా ఉందే అంది. గురువారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి పోతున్నాం. పుట్టు వెంట్రుకలకు బస్సులో వెళ్తాం, మెట్లు తర్వాత.