ఏఎం4 మీద ఇంకా డబ్బు పెట్టొచ్చా? బడ్జెట్ డెబ్బై వేలు, ఊరు గుంటూరు

అరండల్‌పేట_అబ్బాయి

గేమింగ్ పీసీ కట్టించుకోవాలి. అన్నీ కలిపి డెబ్బై వేలు దాటకూడదు. మానిటర్ ఉంది, 1080పీ, 75 హెర్ట్జ్. రోజూ ఆడేవి వాలరెంట్, జీటీఏ 5. సెలవుల్లో సైబర్‌పంక్ 2077 లాంటివి. బ్రాడీపేటలో ఒక షాపులో అడిగితే రైజెన్ 5 5600 ప్రాసెసర్ వేసి, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఇస్తామన్నారు. అది పాత ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రకం. హైదరాబాద్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు మాత్రం "ఏఎం4 అయిపోయిన సాకెట్ రా, కొత్త ఏఎం5 సాకెట్ మీద రైజెన్ 5 7500ఎఫ్ తీసుకో" అంటున్నాడు. అలా వెళ్తే బోర్డు, డీడీఆర్5 ర్యామ్‌తో కలిపి పన్నెండు వేల పైన తేడా పడుతోంది. అప్పుడు 4060 వదిలేసి దానికంటే తక్కువ స్థాయి కార్డు ఆర్‌ఎక్స్ 6600కి దిగాలి. ఏది లాభమో చెప్పండి.

బెజవాడ_బిల్డర్

మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్. 2018లో బీ450 బోర్డు, రైజెన్ 5 2600 కొన్నవాళ్లను చూడండి. బోర్డు మార్చలేదు, ర్యామ్ మార్చలేదు. బోర్డును నడిపే బయాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డు మీద 5600 పెట్టుకున్నారు, డబ్బున్నవాళ్లు 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. సాకెట్ కొత్తగా ఉన్నప్పుడు కొన్నవాళ్లకే ఆ లాభం దక్కింది. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది ఏఎం5. 2022 సెప్టెంబర్‌లో వచ్చింది, 2027 దాకా, ఆపైన కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీయే చెప్పింది. ఏఎం4లో తర్వాత ఎక్కడానికి మిగిలిన మంచి మెట్టు ఎక్స్3డీ చిప్పులు, అవి కొత్తవి దొరకడం గగనం. ఇవాళ పన్నెండు వేలు మిగిలాయని సంబరపడితే మూడేళ్ల తర్వాత ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మళ్లీ కొనాలి.

పటమట_పీసీ

మూడేళ్ల తర్వాత సంగతి సరే, ఇవాళ స్క్రీన్ మీద ఏం కనపడుతుందో చెప్పండి. అబ్బాయిది 75 హెర్ట్జ్ మానిటర్. 5600 పెట్టినా 7500ఎఫ్ పెట్టినా వాలరెంట్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే బొమ్మలు) 75 దాటి ఎక్కడికో పోతుంది. అందులో స్క్రీన్ చూపించేది 75 మాత్రమే. వారధి మీద జామ్ అయ్యాక బుల్లెట్ అయినా స్కూటీ అయినా ఒకటే కదా.

సైబర్‌పంక్ లాంటి వాటిలో 1080పీ హై సెట్టింగ్స్ పెడితే భారమంతా కార్డు మీద పడుతుంది. ప్రాసెసర్ చేసేది ఆట లెక్కలు: ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎవడికి తగిలింది, ఏ వస్తువు గీయాలి అని కార్డుకు ఆర్డర్లు ఇవ్వడం. బొమ్మ గీసేది కార్డే. అది గీయలేక వెనకబడితే ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ఖాళీగా కూర్చుంటుంది. 4060ని 6600కి దించి ప్రాసెసర్ పెంచడం అంటే, ఈ అబ్బాయి ఆడే పెద్ద ఆటల్లో డబ్బు ఎక్కువ పెట్టి ఎఫ్‌పీఎస్ తగ్గించుకోవడమే.

అనుమానం ఉంటే పాత పీసీలోనే చూసుకోవచ్చు. ఆట నడుస్తుండగా రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే వెనకబడింది కార్డు. పెరగకపోతే ప్రాసెసర్.

బెజవాడ_బిల్డర్

75 హెర్ట్జ్ మానిటర్ జీవితాంతం ఉంచుకుంటాడా? రేపు 165 హెర్ట్జ్ కొంటాడు. అప్పుడు వాలరెంట్, సీఎస్2 లాంటివాటిలో ప్రాసెసరే ఆపుతుంది.

పటమట_పీసీ

కొన్నప్పుడు చూద్దాం అన్నా. 165కి కూడా వాలరెంట్‌లో 5600 చాలు. నాకు తెలిసిన వాళ్లలో ప్రాసెసర్ ఒక్కటే మార్చినవాళ్లు అరుదు. కార్డు మారుస్తారు, ఎస్‌ఎస్‌డీ వేస్తారు, చివరికి బాక్స్ మొత్తం అమ్మేస్తారు.

కృష్ణలంక_కుర్రాడు

మధ్యలో వస్తున్నా. ఇంటెల్ ఐ3-12100ఎఫ్ ఎవరూ అనట్లేదేం? ఇంకా చవక.

మంగళగిరి_మిడ్‌రేంజ్

నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). వాలరెంట్ ఒక్కటే అయితే నిక్షేపంగా సరిపోతుంది. వెనక డిస్కార్డ్, క్రోమ్ తెరిచి పెట్టి పెద్ద మ్యాప్ ఉన్న ఆట ఆడితే సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపిస్తుంది, కానీ మధ్యమధ్యలో కుదుపులు వస్తాయి. ఇంటెల్‌లో వెళ్లాలంటే ఐ5-12400ఎఫ్ తీసుకోవాలి. ఆరు కోర్లు, డీడీఆర్4 బోర్డులు కూడా ఉన్నాయి. 5600తో సమానమైన ఎంపికే, ఆ రోజు బోర్డుతో కలిపి ఏది తక్కువకు వస్తే అది. దాని సాకెట్ కూడా 14వ తరంతో ఆగిపోయిందనేది గుర్తుంచుకోండి.

కృష్ణలంక_కుర్రాడు

ఇంటెల్‌వి వాటంతటవే పాడైపోతున్నాయని విన్నానే?

మంగళగిరి_మిడ్‌రేంజ్

అది 13, 14వ తరాల గొడవ. వోల్టేజ్ మోతాదు మించి, చిప్పు దెబ్బతిని ఆటలు క్రాష్ అయ్యేవి. 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, ఆ ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. 12400ఎఫ్ 12వ తరం, దానికి ఈ జబ్బు లేదు.

అంతకంటే ముందు జాగ్రత్త పడాల్సింది పేర్ల దగ్గర. షాపులో "రైజెన్ 5 ఐదు వేల సిరీస్" అని ఊరుకుంటారు. 5500, 5600జీ, 5600 మూడూ ఆరు కోర్లే, పన్నెండు థ్రెడ్లే. కాగితం మీద ఒకటే అనిపిస్తాయి. కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, మిగతా రెండింటిలో 16. ఆటలకు క్యాష్ చాలా ముఖ్యం, ఎక్స్3డీ చిప్పులు అంత పేరు తెచ్చుకుంది 96 ఎంబీ క్యాష్ వల్లే. ఇంకో తేడా, 5500కి, 5600జీకి పీసీఐఈ (ప్రాసెసర్‌కు, కార్డుకు మధ్య దారి) పాత తరం 3.0 మాత్రమే ఉంది. 4060, 6600 రెండూ ఆ దారిలో ఎనిమిది లేన్లే వాడే కార్డులు. వాటిని 3.0లో నడిపితే కొన్ని ఆటల్లో కాస్త నష్టం. 5600జీ అసలు కార్డు లేకుండా నడుపుకునేవాళ్లకోసం. కార్డు కొంటూ దాన్ని తీసుకోవడం నాకు అర్థం కాని పని. కొటేషన్‌లోనూ బిల్లులోనూ నంబరు పూర్తిగా రాయించుకోండి. సీల్డ్ బాక్స్‌కి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రే ప్రాసెసర్ (బాక్స్ లేకుండా విడిగా వచ్చేది) అంటగడితే వారంటీ అమ్మినవాడి నోటి మాటే.

తాడేపల్లి_తాతయ్య

కుర్రాళ్లూ, ఎవరూ ఎండల మాట ఎత్తలేదు. మే నెలలో మన దగ్గర ఏసీ లేని గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 5600, 12400ఎఫ్ రెండూ 65 వాట్ల రకం, బాక్స్‌లో వచ్చే కూలర్‌తో నెట్టుకొస్తాయి. 5600కి పరిమితి 90 డిగ్రీలు, అది దాటబోతే తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు. క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది తీసుకోండి. మా మనవడు రంగు లైట్లకోసం అద్దంది కొన్నాడు, వేసవంతా పక్క తలుపు తీసి ఆడాడు.

ఇంకొక్కటి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్‌లో, 5600లో, 7500ఎఫ్‌లో డిస్‌ప్లే ఇచ్చే భాగం ఉండదు. కార్డు వారంటీకి వెళ్తే అది తిరిగొచ్చేదాకా పీసీ నల్ల తెరే. చదువుకునే పిల్లలకు ఇదో టెన్షన్. రైజెన్ 5 7600లో అయితే చిన్న గ్రాఫిక్స్ ఉంది.

బెజవాడ_బిల్డర్

తాతగారూ, అలా చూసినా ఏఎం5కే ఓటు పడింది.

తాడేపల్లి_తాతయ్య

నా పెన్షన్‌తో కొనేటట్లయితే వేస్తానయ్యా. ఈ అబ్బాయి డెబ్బై వేలలో కాదు.

పటమట_పీసీ

2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో కూడా లెక్కలో వేయండి. మెమరీ అంతా ఏఐ సర్వర్లకే పోతోంది. డీడీఆర్5 మీద దెబ్బ గట్టిగా పడింది, డీడీఆర్4 కూడా పెరిగింది. కాకపోతే డీడీఆర్4 సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది.

అరండల్‌పేట_అబ్బాయి

అందరికీ థాంక్స్. ఒక సందేహం. ఇంట్లో పాత పీసీలో డీడీఆర్4 ఉంది. రెండు 8 జీబీ స్టిక్కులు. అవి పనికొస్తాయా?

పటమట_పీసీ

ఇది మొదట్లోనే చెప్పాలి కదా తమ్ముడూ! ఇంతసేపు ఏం కొట్టుకున్నాం మేము? స్పీడ్ ఎంత?

అరండల్‌పేట_అబ్బాయి

2666 అని ఉంది అన్నా.

బెజవాడ_బిల్డర్

అదీ సంగతి. రైజెన్ లోపలి వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. 5600కి 3200 అయినా ఉండాలి. 2666 పెడితే వాలరెంట్ లాంటి ప్రాసెసర్ ఆటల్లో కొంత పోతుంది.

పటమట_పీసీ

పోనీయండి. పోయేది 75 పైన ఉన్నదాంట్లోంచే. ర్యామ్ ఖర్చు మొత్తం మిగిలింది, ఇప్పుడు తేడా పన్నెండు వేలు కాదు, ఇంకా ఎక్కువ. 3200 తర్వాత ఎప్పుడైనా ధర దిగినప్పుడు వేసుకుంటాడు.

మంగళగిరి_మిడ్‌రేంజ్

ముందు ఆ రెండు స్టిక్కుల మీద రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపి చూడు తమ్ముడూ. ఎర్రర్ ఒక్కటి వచ్చినా వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. బాగుంటే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టించు, డ్యుయల్ ఛానల్ వస్తుంది, అంటే రెండూ కలిసి వేగంగా పనిచేస్తాయి.

అరండల్‌పేట_అబ్బాయి

సరే అన్నా. 5600, 4060తోనే వెళ్తున్నా. షాపువాళ్లు బీ450 బోర్డు చవకగా ఇస్తామంటున్నారు, తీసుకోనా?

బెజవాడ_బిల్డర్

నా మాట ఎలాగూ వినలేదు, ఇదైనా విను. బీ450లో, ఏ520లో కార్డు స్లాట్ పీసీఐఈ 3.0యే. నువ్వు 5500 వద్దని 5600 తీసుకున్న లాభంలో సగం అక్కడ పోతుంది. బీ550 అడుగు. డబ్బు సరిపోకపోతే క్యాబినెట్‌లో తగ్గించు. పాత స్టాక్ బోర్డు అయితే బయాస్ అప్‌డేట్ షాపులోనే చేయించి, డిస్‌ప్లే వచ్చిందని కళ్లతో చూశాకే డబ్బు కట్టు.