ఒరాంగుటాన్లు లక్ష ఉన్నా డేంజర్‌లో ఉన్నట్టేనా? లెక్క అర్థం కావట్లేదు

నిద్రపట్టని_పిల్లి:
మా అమ్మాయికి స్కూల్లో ఒరాంగుటాన్ అనే పెద్ద వానరం మీద చార్ట్ చెయ్యమన్నారు. వెతికితే ఒక్క బోర్నియో దీవిలోనే లక్షకి పైన అని ఉంది, పక్కనే ఐయూసీఎన్ (ఏ జీవికి ఎంత ముప్పో చెప్పే అంతర్జాతీయ సంస్థ) లిస్టులో క్రిటికల్లీ ఎండేంజర్డ్ (అంటే బాగా ముప్పులో) అని ఉంది. మన దేశంలో పులులు 2022 లెక్కలో 3,682, పులికేమో ఉత్త ఎండేంజర్డే, అంటే దీనికన్నా ఒక మెట్టు నయం. ఇదేం లెక్కండీ?

చెట్టుకింద_రాజు:
ఎన్ని ఉన్నాయనే కాదండి, ఎంత స్పీడుగా పోతున్నాయో కూడా చూస్తారు. బోర్నియోలో 1973లో 2,88,500 ఉండేవని అంచనా, 2012కి 1,04,700. అది కూడా తలలు లెక్కపెట్టింది కాదు, అవి రోజూ సాయంత్రం కొమ్మలు వంచి కొత్త గూడు కట్టుకుని పడుకుంటాయి, సర్వేవాళ్ళు అడవిలో నడుస్తూ పైకి చూసి ఆ గూళ్ళు లెక్కపెట్టుకుని అంచనా వేస్తారు. ఇంకో తిప్పలేంటంటే ఆడది ఒక పిల్లని కన్నాక మళ్ళీ కనాలంటే ఏడెనిమిదేళ్ళు. పిల్లని పట్టుకుని అమ్ముకోడానికి తల్లిని కాల్చేస్తారు, ఆ లోటు ఎప్పటికి పూడుతుంది చెప్పండి?

గోంగూర_మటన్:
బోర్నియో ఒక్కటే రాస్తే చార్ట్ సగమే అవుతుంది. సుమత్రా దీవిలోవి వేరే జాతి, సుమారు 14 వేలు. 2017లో తపానులి అని మూడో జాతిని గుర్తించారు, అవి మొత్తం కలిపి 800 కూడా లేవు, దాదాపు అన్నీ సుమత్రాలోనే బతాంగ్ తోరు అనే ఒక్క అడవిలోనే, అక్కడే జలవిద్యుత్ డ్యామ్ ఒకటి మొదలెట్టారు. నన్నడిగితే చార్ట్‌లో పెద్దక్షరాలతో రాయాల్సింది దీని గురించే.

అశ్వారావుపేట_రైతు:
ఇప్పుడు ఎవరో ఒకరు పామాయిల్ మానెయ్యండి అని వస్తారు, అందుకే ముందే చెప్తున్నా. మా పామాయిల్ తోట ఒకప్పుడు జీడిమామిడి చేను, అడవి కొట్టింది కాదు. బోర్నియో, సుమత్రాల్లో ఒరాంగుటాన్లుండే అడవులు నరికి పామాయిల్ తోటలేశారు, నిజమే, కాదనట్లేదు. కానీ ఎకరానికి ఇంత నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు, ఇది మానేసి వేరే నూనె కావాలంటే దానికి ఇంకా ఎక్కువ భూమి కావాలి కదా. అడవి కొట్టకుండా పండించమని అడగండి, గెల మీద కోపం ఎందుకు?

చెట్టుకింద_రాజు:
@అశ్వారావుపేట_రైతు ఒప్పుకుంటా అన్నా, కానీ పామాయిల్ దిగుమతిలో మన దేశమే ఫస్టు, ఎక్కువ వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచే, మనకేం సంబంధం లేదని మాత్రం అనలేం.

నిద్రపట్టని_పిల్లి:
థాంక్స్ అందరికీ. ఇప్పుడే వంటింట్లో చూశా, మాదీ పామోలిన్ ప్యాకెట్టే. నూనె డబ్బాలో పోశాక మా అమ్మాయి ఆ ఖాళీ కవరు సబ్బుతో కడిగి చార్ట్‌కి అంటించింది, జిడ్డు ఇంకా పోలా.